ధ్వనికి లెక్క కట్టిన వాలెస్ సేబిన్

హైదరాబాదు నగరమున మూసీనదిపై గల వంతెనలలో మిక్కిలి ప్రాచీనమైనది పురానాపూల్. గోలకొండ ప్రభువగు ఇబ్రహీం కులీ కుతుబ్‌షా కాలమున, 1578వ సంవత్సరమున, అది నిర్మింపబడెను. చాల కాలము తరువాత దానికి దిగువగా మరియొక వంతెన కట్టబడినది. పాత వంతెన యుండగా వచ్చినది కావున ప్రజలు దానిని నయాపూల్, అనగా క్రొత్త వంతెన, అని పిలిచిరి. నూరేండ్లకు పైగా గడచినను ఆ పేరు మాత్రము మారలేదు. దానికి ఉత్తరపు గట్టున ఉస్మానియా ఆసుపత్రి భవనమును, దక్షిణపు గట్టున ఉన్నత న్యాయస్థాన భవనమును, కొలది దూరమున సాలార్‌జంగ్ మ్యూజియమును కలవు. ఎత్తైన కప్పులును, గుమ్మటములును గల కట్టడములకు ఆ ప్రాంతము పేరుగాంచినది.

ఆ వంతెనపై నిలిచి ఒకమారు చేతులు చరచినచో ఆ చప్పుడు తటాలున పుట్టి తటాలున అణగిపోవును. క్రింద నది, పైన ఆకాశము. పోయిన ధ్వని తిరిగి రాదు. ఆ చేతులతోనే, ఆ బలముతోనే, ఒక ఎత్తైన గుమ్మటము క్రింద చరచినచో ఆ చప్పుడు గోడనుండి గోడకును, గోడనుండి కప్పునకును తిరుగుచు కొన్ని సెకనుల వరకు మ్రోగుచుండును. వీధిలో స్పష్టముగ వినవచ్చు లౌడ్‌స్పీకరునే అట్టి మందిరములో పెట్టినచో మాటలు ఒకదానిపై నొకటి పడి, ఏమి చెప్పుచున్నారో తెలియకుండ పోవును. లౌడ్‌స్పీకరు మారలేదు, మాటలాడువాడును మారలేదు. మారినవి చుట్టునున్న గోడలు మాత్రమే. కావున మన చెవికి చేరు ధ్వనిలో పలికినవాని పాలు కొంత, గది పాలు కొంత యుండునని తెలియుచున్నది. ఆ గది పాలు ఎంత? దానిని కొలుచుట యెట్లు? ఈ ప్రశ్నకు మొట్టమొదట అంకెలతో సమాధానము చెప్పిన మహనీయుడు వాలెస్ క్లెమెంట్ సేబిన్.

మన పూర్వులకు ధ్వని స్వభావము తెలియదని తలపరాదు. గోలకొండ కోటలో ఫతే దర్వాజా గుమ్మటము క్రింద కొట్టిన చప్పట్లు సుమారు ఒక కిలోమీటరు దూరమున, కొండమీది బాలా హిస్సారులో వినబడును. గ్రీకులు కొండవాలున మెట్లు తొలిచి నాటకశాలలు కట్టిరి. అయితే ఈ నేర్పంతయు అనుభవమువలన కలిగినది. అనుభవము ఒక్కొక్కప్పుడు శిల్పితోనే గతించును. ఒక మందిరము చక్కగా పలికినచో దానివలెనే మరియొకటి కట్టుదురు; అది పలుకదు. కారణమేమో ఎవరికిని తెలియదు. పందొమ్మిదవ శతాబ్దము చివరి వరకును సభామందిరములు కట్టువారు ధ్వని విషయమున అదృష్టమునే నమ్ముకొని యుండిరి. కట్టడము పూర్తియైన తరువాత గాని అది మంచిదో చెడ్డదో తెలిసెడిది కాదు.

సేబిన్ అమెరికా సంయుక్త రాష్ట్రములలోని ఒహాయో రాష్ట్రమున, రిచ్‌వుడ్ అను చిన్న గ్రామమున, 1868వ సంవత్సరము జూన్ 13వ తేదీన జన్మించెను. తండ్రి పేరు హైలస్, తల్లి పేరు అన్నా. ఆ తల్లి విద్యయందు మిక్కిలి ఆసక్తి గలది. తన కుమారుడును, కుమార్తెయు ఉన్నత విద్య నభ్యసించి లోకమునకు పనికివచ్చువారు కావలెనని ఆమె కోరిక. సేబిన్ చిన్ననాటి నుండియు చదువున చురుకైనవాడు. పదునెనిమిదవ యేట, అనగా 1886లో, ఒహాయో రాష్ట్ర విశ్వవిద్యాలయమున పట్టము పొందెను. తరువాత పై చదువులకై బోస్టన్ నగరమునకు దాపున నున్న హార్వర్డు విశ్వవిద్యాలయమున చేరెను. పిల్లల చదువుకొరకు తల్లియు స్వగ్రామమును విడిచి వారివెంట వచ్చి అచ్చట కాపురముండెను.

1888లో సేబిన్ ఎం.ఏ. పట్టము పొంది ఆ విశ్వవిద్యాలయముననే భౌతికశాస్త్రమును బోధించుటకు నియమింపబడెను. ఆయన డాక్టరు పట్టమునకై ప్రయత్నింపలేదు. పేరు తెచ్చు గొప్ప గ్రంథములును వ్రాయలేదు. విద్యార్థులకు శ్రద్ధగా పాఠము చెప్పుట, ప్రయోగశాలలో పరికరములను సరిచేయుట, ప్రతి కొలతను ఒకటికి రెండుమారులు సరిచూచుట, ఇవియే ఆయన దినచర్య. మృదుభాషి, ఆడంబరము లేనివాడు. 1895లో సహాయాచార్యుడయ్యెను. ఆ సంవత్సరమే, తాను కోరకయే, ఆయనకు జీవితకార్యము లభించెను.

హార్వర్డు విశ్వవిద్యాలయమువారు ఆ కాలమున ఫాగ్ కళాభవనమను క్రొత్త కట్టడమును నిర్మించిరి. అందులో ఒక పెద్ద ఉపన్యాసశాల కలదు. అది చూచుటకు మిక్కిలి సుందరము; కాని వినుటకు పనికిరానిది. దాని గోడలును కప్పును గట్టి గచ్చుపూతతో నునుపై యుండెను. అచ్చట పలికిన మాట అయిదున్నర సెకనుల వరకు వినబడుచుండెను. మెల్లగా మాటలాడువాడైనను ఆ వ్యవధిలో పది పండ్రెండు అక్షరములను పలుకును. మొదటి అక్షరము ఇంకను మ్రోగుచుండగనే తరువాతివన్నియు వచ్చి దానిపై పడుచుండెను. ముందు వరుసలో కూర్చున్నవారికే మాట తెలియనప్పుడు వెనుక కూర్చున్నవారి సంగతి చెప్పనేల? ఇట్లు ధ్వని గోడలను మరల మరల తాకి నిలిచియుండుటను ప్రతినాదమందురు. కొండకు ఎదురుగా నిలిచి కేక వేయగా ఆ కేక విడిగా తిరిగి వినబడుట ప్రతిధ్వని. అట్టి ప్రతిధ్వనులు లెక్కకు మిక్కిలిగా ఒకదానితో నొకటి కలిసిపోయి ఏకముగ మ్రోగుట ప్రతినాదము.

విశ్వవిద్యాలయాధ్యక్షుడైన చార్లెస్ ఎలియట్ ఈ లోపమును సరిచేయుమని సేబిన్‌ను కోరెను. అప్పటికి ఆయన వయస్సు 27 సంవత్సరములు. ఇది తేలని సమస్య అని ఎరిగిన పెద్దలు దాని జోలికి పోకుండిరి. గెలిచినచో ఒక గది బాగుపడును. ఓడినచో వయస్సులో చిన్నవాడైన సహాయాచార్యుని పేరు చెడును. సేబిన్ ఇవేవియు ఆలోచింపక పనికి పూనుకొనెను.

అప్పటికి ధ్వనిని కొలుచుటకు నేటివంటి యంత్రములు లేవు. మైక్రోఫోను ఉన్నను సూక్ష్మమైన కొలతలకు అది చాలదు. సేబిన్ తన చెవినే పరికరముగ గైకొనెను. సంపీడనము చేసిన గాలితో మ్రోగు ఒక ఆర్గాన్ గొట్టమును గదిలో నుంచెను. అది సెకనునకు 512 కంపనములు గల స్వరమును పలుకును. ఆ గొట్టమును కొంతసేపు మ్రోగించి తటాలున ఆపుట, ధ్వని పూర్తిగా అణగి చెవికి వినబడకుండ పోవువరకు పట్టిన కాలమును క్రోనోగ్రాఫు అను కాలమాపకముపై గుర్తించుట, ఇదియే ఆయన చేసిన ప్రయోగము. వినుటకు ఇది సులభముగ తోచును. కాని పగటిపూట వీధిలో ట్రాము బండ్లును, దూరమున రైళ్లును, బాటసారుల అడుగులును చెవికి తగులుచుండును. కావున ఆయన అర్ధరాత్రి దాటిన తరువాత, ఊరు నిద్రించు వేళ, తన పనిని చేయుచుండెను. పగలు పాఠములు చెప్పి రాత్రులు ప్రయోగములు చేసెను. ఇట్లు ఒక నెల కాదు, రెండు నెలలు కాదు, మూడేండ్ల కాలము గడచెను.

ఆ విశ్వవిద్యాలయముననే సాండర్సు నాటకశాల యను మందిరము కలదు. అందు ధ్వని చక్కగా వినబడుచుండెను. దాని ఆసనములపై మెత్తని దిండ్లు పరచియుండెను. సేబిన్ రాత్రివేళ సహాయకులతో పోయి ఆ దిండ్లను మోసికొనివచ్చి ఫాగ్ ఉపన్యాసశాలలో పరచుచు, కొన్ని దిండ్లు పరచినప్పుడెల్ల ప్రతినాదకాలమును కొలుచుచుండెను. తెల్లవారునప్పటికి వానినన్నింటిని యథాస్థానమున నుంచవలెను. ఏలయన పగటివేళ నాటకశాలకు అవి కావలెను. దిండ్ల సంఖ్య పెరిగినకొలది ప్రతినాదము తగ్గుచుండెను. దిండ్లన్నియు పరచిన నాడు అయిదున్నర సెకనుల మ్రోత ఒక సెకనుకు కొంచెము పైగా మాత్రమే మిగిలెను. దిండులోని సన్నని రంధ్రములలో ప్రవేశించిన ధ్వని బయటకు రాక అచ్చటనే అణగిపోవును. దీనినే శోషణమందురు. గట్టి గచ్చుగోడ ధ్వనిని త్రిప్పికొట్టును; మెత్తని వస్తువు దానిని మ్రింగివేయును.

అయితే ఎంత మ్రింగివేయునో చెప్పుటకు ఒక కొలత కావలెను. బియ్యము కొలుచుటకు మానిక యున్నట్లు శోషణమునకు మానిక యేది? సేబిన్ మిక్కిలి తేలికయైన ఉపాయము కనుగొనెను. తెరచిన కిటికీ గుండా బయటకు పోయిన ధ్వని తిరిగి రాదు. కావున తెరచిన కిటికీ యొక్క వైశాల్యమునే ఆయన మానికగా గైకొనెను. ఒక తివాచి నాలుగు చదరపు మీటర్లు ఉండి, ఒక చదరపు మీటరు కిటికీ మ్రింగినంత ధ్వనిని మ్రింగినచో, ఆ తివాచి శోషణశక్తి నాలుగవ వంతు అని లెక్క. నయాపూల్‌పై నిలిచి చేసిన చప్పుడు ఏల వెంటనే అణగిపోవునో ఇప్పుడు బోధపడును. ఆకాశమంతయు తెరచిన కిటికీయే గదా!

ఈ ప్రయోగముల నడుమ ఒక కష్టము సంభవించెను. ఫలితములు కొన్ని దినములు ఒక రీతిగను, కొన్ని దినములు మరియొక రీతిగను ఉండెను. గది మారలేదు, గొట్టము మారలేదు, చెవి మారలేదు. కారణమేమని వెదకగా, గదిలో కూర్చున్న పరిశీలకుని దుస్తులే కారణమని తేలెను. దళసరి ఉన్నికోటు ఒక విధముగను, పలుచని చొక్కా మరియొక విధముగను ధ్వనిని మ్రింగుచుండెను. ఏ దినమున ఏ దుస్తులు ధరించినది వ్రాసికొనియుండలేదు. అంతకు పూర్వము రెండు నెలల కాలమున చేసిన మూడు వేలకు పైగా పరిశీలనలు ఆ కారణమున నమ్మదగనివయ్యెను.

మరియొకడైనచో ఏమి చేసియుండును? భేదము స్వల్పమే గదా, చూచినవారెవరు, అని సరిపెట్టుకొనియుండును. రాత్రుల నిద్రను ధారపోసి సంపాదించిన అంకెలను చింపివేయుటకు ఎవరికి చేయి వచ్చును? సేబిన్ వానినన్నింటిని త్రోసిపుచ్చెను. అటుపిమ్మట ప్రయోగమునకు పోవునప్పుడెల్ల ఒకే రకమైన దుస్తులు ధరింప నారంభించెను. కొలతలను మొదటి నుండి మరల చేసెను. ఆయన శాస్త్రమునకు పునాదిరాయి ఆ నాడు పడినదని చెప్పవచ్చును. సందేహము గల మూడు వేల అంకెలకంటె నమ్మదగిన ముప్పది అంకెలు మేలని ఆయన ఎరిగినవాడు.

పని ఎంతకును ముగియకుండుట చూచి ఎలియట్ ఇక చాలునని తొందరపెట్టెను. సేబిన్ ఉపన్యాసశాల గోడలపై తగిన చోట్ల వెండ్రుకలతో చేసిన దళసరి ఫెల్టును అతికించెను. అంతటితో ఆ గది పాఠము చెప్పుటకు యోగ్యమయ్యెను. అధ్యక్షుడు కోరిన పని పూర్తియైనది. కాని సేబిన్ మనస్సుకు తృప్తి లేదు. ఒక గదిని బాగుచేయుట వేరు. ఏ గదినైనను కట్టకముందే అది ఎట్లు పలుకునో చెప్పగలుగుట వేరు. ఆయన కోరినది రెండవది.

అట్టి సమయమున, 1898లో, బోస్టన్ నగరమున ఒక గొప్ప సంగీతమందిరము కట్టుటకు ప్రయత్నములు జరుగుచుండెను. ఆ నగరపు వాద్యబృందమును 1881లో స్థాపించిన హెన్రీ లీ హిగిన్సన్ దీనికి పూనుకొనెను. ప్రసిద్ధ శిల్పియగు చార్లెస్ మెకిమ్ పటములు గీయుచుండెను. ధ్వని విషయమున సేబిన్ సలహాను పొందుమని ఎలియట్ వారికి చెప్పెను. సేబిన్ మొదట వెనుకాడెను. లక్షల డాలర్ల సొమ్ముతో కట్టు భవనము; తన యొద్ద కొలతలు కలవు గాని వానినన్నింటిని కలిపి కట్టు సూత్రము లేదు. సూత్రము లేక సలహా చెప్పుట గ్రుడ్డివాని చేత దారి చూపించుట వంటిది.

ఆయన తన మూడేండ్ల కొలతలను ముందుంచుకొని కొన్ని వారములు తదేకధ్యానముతో పరిశీలించెను. ఒక సాయంకాలమున దిండ్ల సంఖ్యను ఒక దిక్కునను, ప్రతినాదకాలమును మరియొక దిక్కునను గుర్తించి గీసిన వక్రరేఖలో ఆయనకు దారి దొరకెను. ఆ రేఖ గణితశాస్త్రమున అతిపరావలయమని పిలువబడు రూపముగ నుండెను. అనగా గదిలోని మొత్తము శోషణమును ప్రతినాదకాలముతో గుణించినచో వచ్చు ఫలితము ఎప్పుడును ఒక్కటియే. ఒకటి పెరిగినచో రెండవది అదే నిష్పత్తిలో తగ్గును. ఆ ఫలితము గది ఘనపరిమాణముపై ఆధారపడి యుండును. సంతోషముతో ఆయన ఈ వార్తను మొట్టమొదట తెలిపినది తన తల్లికే. అటుపిమ్మట హిగిన్సన్ పనిని నిర్భయముగ అంగీకరించెను.

ఆ సూత్రమును ఒక ఉదాహరణముతో తెలిసికొందము. 10 మీటర్ల పొడవు, 8 మీటర్ల వెడల్పు, 4 మీటర్ల ఎత్తు గల తరగతిగది యొకటి కలదని ఊహింపుడు. దాని ఘనపరిమాణము 320 ఘనపు మీటర్లు. దానిని 0.16 చేత గుణించి మొత్తము శోషణముచేత భాగించినచో ప్రతినాదకాలము సెకనులలో వచ్చును. ఖాళీ గదిలో మొత్తము శోషణము 32 చదరపు మీటర్ల తెరచిన కిటికీకి సమానమనుకొన్నచో, ప్రతినాదకాలము 1.6 సెకనులు. అందు నలుబదిమంది విద్యార్థులు వచ్చి కూర్చున్నారనుకొందము. ఒక్కొక్కరి దుస్తులును దేహమును సుమారు 0.4 చదరపు మీటరు కిటికీకి సమానమైనచో, శోషణము 16 పెరిగి 48 అగును. అప్పుడు ప్రతినాదకాలము ఒక సెకనుకు కొంచెము పైగా మాత్రమే ఉండును. గురువుగారి మాట ఖాళీ గదిలోకంటె నిండిన గదిలో స్పష్టముగ వినబడుటకు ఇదియే కారణము. విద్యార్థులు నిశ్శబ్దముగ నున్నప్పుడు మాత్రమే సుమా! సాలార్‌జంగ్ మ్యూజియములోని సంగీత గడియారము గంటలు కొట్టునప్పుడు చూచుటకు జనులు గుమిగూడుదురు. అచ్చట నిలిచిన ప్రతి మనిషియు తనకు తెలియకుండగనే ఆ గంట మ్రోతలో కొంత భాగమును మ్రింగుచున్నాడు.

సంగీతమందిరమునకు జర్మనీ దేశమున లీప్‌జిగ్ నగరములోని గెవాండ్‌హౌస్ అను ప్రసిద్ధ మందిరమును వారు ఆదర్శముగ గైకొనిరి. అయితే బోస్టన్‌లో అంతకంటె చాల ఎక్కువమందికి చోటు కావలెను. పొడవును, వెడల్పును, ఎత్తును ఒకే నిష్పత్తిలో పెంచినచో గోడల వైశాల్యముకంటె ఘనపరిమాణము వేగముగ పెరుగును. ప్రతినాదము మితి మీరును. దీనిని సేబిన్ కట్టడము మొదలిడక పూర్వమే కాగితముపై లెక్కవేసి చూపెను. కొలతలు తదనుగుణముగ మార్చిరి. వినువారికొరకు రెండు వరుసల మేడలను ఏర్పరచిరి. గోడల గూళ్లలో విగ్రహములును, కప్పున లోతైన గళ్లును ఉండుటచే ధ్వని ఒకే దిక్కునకు పోక నలుదిక్కులకు చెదరును.

1900వ సంవత్సరము అక్టోబరు 15వ తేదీన ఆ మందిరము ప్రారంభింపబడెను. శాస్త్రీయమైన లెక్కతో ధ్వనిని నిర్ణయించి కట్టిన మొదటి సంగీతమందిరమదియే. కాని లోకము వెంటనే దానిని మెచ్చుకొనలేదు. పాత మందిరమునకు అలవాటుపడిన కొందరు విమర్శకులు పెదవి విరిచిరి. ఆ మాటలకు సేబిన్ మనస్సు నొచ్చెను. అయినను ఆయన వాదమునకు దిగలేదు. కాలమే తీర్పు చెప్పెను. నేడు ప్రపంచమున మిక్కిలి శ్రేష్ఠమైన సంగీతమందిరములలో బోస్టన్ మందిరమొకటి. నిండిన సభకు సేబిన్ లెక్కించిన ప్రతినాదకాలము 2.31 సెకనులు, తరువాతివారు కొలువగా అది 1.9 సెకనులకు దాపున నుండెను. ప్రేక్షకులు మ్రింగు ధ్వని ఆయన తలచినదానికంటె ఎక్కువయని ఇందువలన తెలిసినది. మొదటి అడుగు వేసినవాని వెంట నడచుచు దారిని చక్కదిద్దుట తరువాతివారి పని.

1900లోనే సేబిన్ జేన్ డౌన్స్ కెల్లీ యను వైద్యురాలిని వివాహమాడెను. వారికిద్దరు కుమార్తెలు. 1905లో ఆచార్య పదవియు, 1906లో విజ్ఞానశాఖకు అధిపత్యమును లభించెను. పదవులు పెరిగినను రాత్రి ప్రయోగములు ఆగలేదు. ఒకే స్వరముతో తృప్తిపడక, సెకనునకు 64 కంపనముల మందరస్వరము మొదలు 4096 కంపనముల తారస్వరము వరకు అన్నింటిని పరీక్షించెను. ఒకే వస్తువు మందరస్వరమును తక్కువగను, తారస్వరమును ఎక్కువగను మ్రింగవచ్చునని తెలిసికొనెను. నాటకశాలల చిన్న నమూనాలను చేసి వానిలో ధ్వనితరంగములు ప్రసరించు రీతిని ఛాయాచిత్రములుగ తీసెను. రాఫెల్ గ్వాస్తవీనో అను శిల్పితో కలిసి ధ్వనిని మ్రింగు సన్నరంధ్రముల పలకలను తయారుచేసెను.

మొదటి ప్రపంచ యుద్ధము వచ్చెను. 1916లో ఆయన ఐరోపాకు పోయి సేవాకార్యములలో పాల్గొనెను. పారిస్ నగరమున సోర్బాన్ విద్యాపీఠమున తన శాస్త్రమును గూర్చి ఉపన్యసించెను. తరువాత విమానదళమునకు సంబంధించిన పనులలో మునిగెను. స్వదేశమునకు వచ్చిన పిమ్మట వాషింగ్టన్ నగరమున ప్రభుత్వ కార్యమును, హార్వర్డులో బోధనమును రెండింటిని నిర్వహించెను. మూత్రపిండముల వ్యాధి బాధించుచున్నను విశ్రాంతి నెరుగడు. 1919వ సంవత్సరము జనవరి 10వ తేదీన, ఏబదియవ యేట, ఆయన కన్నుమూసెను. ఆయనకొరకు ఇల్లినాయి రాష్ట్రమున రివర్‌బ్యాంక్ అనుచోట జార్జి ఫేబియన్ అను ధనికుడు ప్రత్యేకమైన ధ్వనిప్రయోగశాల కట్టించెను. అది సిద్ధమైనను అందు పని చేయు భాగ్యము ఆయనకు లేకపోయెను. ఆయన దాయాదియగు పాల్ సేబిన్ ఆ పనిని కొనసాగించెను. శోషణపు మానికకు లోకము సేబిన్ అనియే పేరు పెట్టెను.

సేబిన్ మరణించిన ఆరేండ్లకు, 1925లో, చెస్టర్ రైస్, ఎడ్వర్డు కెల్లాగ్ అను ఇద్దరు ఇంజనీర్లు నేటి లౌడ్‌స్పీకరునకు మూలమగు తీగచుట్ట, కాగితపు శంకువు గల పరికరమును ప్రకటించిరి. ఇంతటి బలమైన గొంతు దొరికిన తరువాత గది లెక్కతో పనియేమి యని తోచవచ్చును. జరిగినది దానికి విరుద్ధము. లౌడ్‌స్పీకరు వచ్చిన తరువాతనే ఆ లెక్క మరింత అవసరమయ్యెను.

ఏలయన, లౌడ్‌స్పీకరు అన్ని స్వరములను ఒకే రీతిగా వెదజల్లదు. సెకనునకు 100 కంపనములు గల మందరస్వరపు తరంగము మూడు మీటర్లకు పైగా పొడవుండును. అది పెట్టెను చుట్టుకొని ముందునకును, వెనుకకును, ప్రక్కలకును వ్యాపించును. 10,000 కంపనముల తారస్వరపు తరంగము మూడున్నర సెంటీమీటర్లు మాత్రమే. అది పెద్ద శంకువునుండి వెలువడినప్పుడు టార్చిలైటు కాంతివలె ముందునకే పోవును. స, శ, త వంటి అక్షరములను గుర్తించుటకు తారస్వరములే ఆధారము. కావున లౌడ్‌స్పీకరునకు ఎదురుగా కూర్చున్నవారికి మాట స్పష్టముగ తెలియును. ప్రక్కన కూర్చున్నవారికి గంభీరమైన మ్రోత వినబడును గాని అక్షరము తెలియదు. ప్రక్కలకు పోయిన మందరస్వరములు గోడలను తాకి, వానిచే మ్రింగబడక, గదియంతయు నిండి ఆ కొలది స్పష్టతను కూడ కప్పివేయును.

అప్పుడు సాధారణముగ జనులు చేయు పనియేమి? ధ్వనిని ఇంకను పెంచుదురు. దానివలన ఫలము లేదు. పెట్టెనుండి నేరుగా వచ్చు ధ్వని ఎంత పెరుగునో, గోడలనుండి తిరిగి వచ్చు ధ్వనియు అంతే పెరుగును. రెంటి నిష్పత్తి మారదు. మాట తెలియని మందిరములో మరింత బిగ్గరగా మాట తెలియకుండ పోవును, అంతియే. మాట తెలియవలెనన్నచో ఆ నిష్పత్తినే మార్చవలెను. దానికి మార్గములు రెండు. మొదటిది, లౌడ్‌స్పీకరును కప్పువైపునకు గాక జనులవైపునకు త్రిప్పుట, వీలైనంత వారికి చేరువగ నుంచుట. నిలువుగా అనేక చిన్న శంకువులను పేర్చిన పొడవాటి పెట్టెలు ధ్వనిని అడ్డముగ విస్తరింపజేసి, కప్పునకు ఎక్కువ పోకుండ చేయును. రెండవది, తెరలు, తివాచీలు, రంధ్రముల పలకలు మొదలగువానిచే గది శోషణమును పెంచుట. ఇది సేబిన్ తన దిండ్లతో నేర్పిన పాఠమే. ఇంటిలో పాటలు వినుటకును ఇదియే వర్తించును. ఖాళీ గదిలో మూలకు ఆనించి పెట్టిన పెట్టెలో మందరస్వరములు గోడలచే బలపడి బరువెక్కును. దానిని మూలనుండి కొంత ముందునకు జరిపి, ఎదుటి గోడకు దళసరి తెర వ్రేలాడదీసినచో అదే పాట స్వచ్ఛముగ వినబడును. ఇందుకు రూపాయి ఖర్చుకంటె చెవియు, ఓర్పును ముఖ్యము.

మన దేశమునందును ఈ శాస్త్రమునకు ఆదరము కలిగెను. బాల్యమున విశాఖపట్టణమున విద్య నభ్యసించిన సి.వి. రామన్ 1920ల ఆరంభమున బీజాపురములోని గోల్‌గుంబజు వంటి గుమ్మటములలో గుసగుస కూడ గోడవెంబడి ప్రాకి దూరమున వినబడుటకు గల కారణములను పరిశోధించెను.

బాలబాలికలారా! సేబిన్ చక్రవర్తి కాడు, సేనాపతి కాడు. ఆయన చేసిన యుద్ధము అర్ధరాత్రి ఒక ఖాళీ గదిలో, ఒక గొట్టముతోను, కొన్ని దిండ్లతోను జరిగినది. ఎవరును చూడని ఆ చోట తన అంకెలను తానే తప్పుపట్టి, మూడు వేల కొలతలను పారవేసి, మరల మొదటి మెట్టున నిలిచెను. నేడు ఏ దేశమున సభామందిరము కట్టినను, పాఠశాల కట్టినను, న్యాయస్థానము కట్టినను, అచ్చట మాటలాడువాని మాట వెనుక వరుసలో కూర్చున్న బీదవానికి సయితము తెలియుటకు కావలసిన లెక్క ఆ రాత్రులలో పుట్టినదే. కేక వేయకముందు గదిని వినవలెనని ఆయన లోకమునకు నేర్పెను.